బొమ్మల తల్లి మార్గరెట్ స్టైఫ్

టెడ్డీ అనే ఎలుగుబంటి బొమ్మను ఎరుగని పిల్లలు నేడు పట్టణాలలో అరుదు. అమెరికా అధ్యక్షుడైన థియోడర్ రూజ్వెల్టు ముద్దుపేరు ఆ బొమ్మకు అబ్బింది. దానిని లోకానికి అందించిన వారిలో అగ్రగణ్యురాలైన ఒక జర్మను మహిళ పేరు మాత్రం మరుగున పడిపోయింది. ఆమె ఊహ తెలిసిన నాటినుండి తన కాళ్లపై నాలుగడుగులు వేసి ఎరుగదు. కుడిచేయి సైతం ఆమె స్వాధీనంలో పూర్తిగా ఉండేది కాదు. బొమ్మల పరిశ్రమను గురించి వ్రాయదలచి మేము ఎందరో వ్యాపార దిగ్గజాల జీవితాలను తిరగవేశాము గాని, మా మనస్సు ఈమె వద్దనే నిలిచిపోయింది.

మార్గరెట్ స్టైఫ్ 1847వ సంవత్సరం జూలై 24వ తేదీన గీంగెన్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. బ్రెంజ్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు అప్పటికి వుర్టెంబర్గు రాజ్యంలోనిది. జర్మనీ ఏకరాజ్యంగా ఏర్పడడానికి ఇంకా ఇరువది నాలుగేండ్ల వ్యవధి ఉన్నది. తండ్రి ఫ్రెడరిక్ గృహనిర్మాణ పనులు చేయించే మేస్త్రీ. నలుగురు సంతానంలో ఆమె మూడవది. మేరీ, పౌలీన్ అక్కలు, ఫ్రిట్జ్ తమ్ముడు. ఏడాదిన్నర వయస్సులో తీవ్రమైన జ్వరం వచ్చి, తగ్గిన పిమ్మట కాళ్లు రెండూ చచ్చుపడ్డాయి. అది పోలియో అని తరువాత తేలింది. ఆ వ్యాధికి అప్పుడు మందు లేదు, టీకా లేదు. మన దేశం పోలియో రహితమని 2014లో ప్రకటింపబడింది కనుక నేటి మా విద్యార్థులకు ఆ మాట పాఠ్యపుస్తకంలోని మాటే. మా తరం వారికి అట్లు కాదు. చేతికర్రల మీద బడికి వచ్చిన సహాధ్యాయులు మాకు ఇంకా గుర్తున్నారు.

తల్లిదండ్రులు చేయవలసిన ప్రయత్నమంతా చేశారు. తొమ్మిదవ యేట ఆమెను లుడ్విగ్స్‌బర్గులో వెర్నర్ అనే వైద్యుని వద్ద ఉంచి చికిత్స చేయించారు. తదనంతరం వైల్డ్‌బాడ్ ఉష్ణగుండాలకు పంపారు. ఫలితం శూన్యం. కాని ఆమె ఇంటిలో మూలనపడి ఉండే స్వభావం కలది కాదు. తోబుట్టువులూ, ఇరుగుపొరుగు పిల్లలూ ఆమెను చేతిబండిలో కూర్చుండబెట్టి బడికి లాగుకొని పోయేవారు. మెట్లు వచ్చినచోట పెద్దలెవరో ఎత్తుకొని దాటించేవారు. వీధిలో ఆటలాడేటప్పుడు బండిలో ఉన్నచోటినుండే కొత్త ఆటలు కల్పించి ఆడించేది. పిల్లలకు ఏది ఇష్టమో, ఏది కాదో ఆమెకు ఏ పుస్తకమూ నేర్పలేదు; ఆ బండే నేర్పింది.

పదునేడవ ఏడు వచ్చేసరికి ఇక వైద్యం వలన లాభం లేదని ఆమె తనంతట తాను నిశ్చయించుకొన్నది. ఈ నిశ్చయం చిన్నది కాదు. వివాహయోగ్యత లేదని లోకం తీర్మానించిన ఆడపిల్ల ఆ కాలంలో తండ్రి ఉన్నన్నాళ్లు తండ్రి ఇంట, ఆపై తమ్ముని ఇంట అన్నవస్త్రాలకు ఎదురుచూస్తూ కాలం వెళ్లబుచ్చవలసిందే. ఆ దుస్థితి తప్పించుకొనడానికి ఆమె కుట్టుపని పాఠశాలలో చేరింది. కుడిచేతి నొప్పి వలన తొలినాళ్లలో ఒక్కొక్క కుట్టు ఒక్కొక్క పరీక్షయ్యేది. అయినా విడువలేదు. జిథర్ అనే తంత్రీవాద్యం కూడా అభ్యసించి, పిల్లలకు పాఠాలు చెప్పి కొంత ఆర్జించింది. అక్కలతో కలిసి దర్జీపని ఆరంభించి, కుట్టుమిషను కొన్నది. ఆ ఊరిలో మొట్టమొదటి కుట్టుమిషను అదేనని ప్రతీతి. మిషను చక్రం కుడిచేతి వైపు ఉంటుందన్న సంగతి కుట్టుపని తెలిసిన ఏ గృహిణికైనా విదితమే. ఆమె కుడిచేయి ఆ చక్రాన్ని త్రిప్పలేదు. అందుచేత మిషనునే వెనుకముందు చేసి పెట్టుకొని, ఎడమచేతితో చక్రం త్రిప్పుతూ కుట్టింది.

1874లో తండ్రి ఇంటిని మార్చి కట్టించి ఆమెకు ప్రత్యేకంగా ఒక పనిగది ఏర్పరచాడు. కూతురు కుట్టుపనితో బ్రతకగలదన్న నమ్మకం ఆయనకు అప్పటికి కలిగిందన్నమాట. 1877లో ఆమె ఫెల్టు దుస్తుల దుకాణం తెరచింది. ఫెల్టు అనగా మగ్గంపై నేయకుండా ఉన్నిని తడిపి, అదిమి తయారుచేసే దళసరి బట్ట. ఉర్దూలో నమదా అంటారు. దానిని తయారుచేసే కర్మాగారం ఆ ఊరిలోనే ఉండడం కలిసివచ్చింది. లోపావడాలు మొదలైనవి కుట్టి అమ్ముతూ, పని పెరిగిన కొలది కొందరు స్త్రీలను పనిలో పెట్టుకొన్నది.

బొమ్మల కథ ఇక్కడినుండి మొదలవుతుంది. 1879 చివర ఒక ఫ్యాషను పత్రికలో ఏనుగు ఆకారపు నమూనా ఆమె కంటబడింది. దానిని అనుసరించి, ఫెల్టుతో కుట్టి, లోపల మెత్తని గొర్రె ఉన్ని కూరి చిన్న ఏనుగులను చేసింది. అవి గుండుసూదులు గుచ్చిపెట్టుకొనడానికి ఉద్దేశించినవి. పెద్దలకు కానుకగా ఇచ్చే వస్తువులు. పెద్దల చేతినుండి పిల్లలు వాటిని లాగుకొన్నారు! ఆ దినాలలో ఐరోపా పిల్లల బొమ్మలు కొయ్యవి, రేకువి, పింగాణివి. చూడ ముచ్చటైనవే గాని ప్రక్కలో పెట్టుకొని నిద్రించడానికి పనికిరావు. ఈ ఏనుగు అట్టిది కాదు. తమ్ముడు ఫ్రిట్జ్ ఒక సంచినిండ ఏనుగులను దగ్గరలోని హైడెన్‌హైమ్ సంతకు తీసుకొనిపోయి అన్నింటినీ అమ్మివచ్చాడు. 1886లో అమ్ముడైన ఏనుగులు 5,000 పైచిలుకు. పిదప కోతి, గాడిద, గుర్రం, ఒంటె, పంది వచ్చాయి. 1892లో వస్తువుల పట్టీ అచ్చయింది, 1893లో సంస్థ వర్తక పట్టికలో నమోదయింది.

ఆమె మేనల్లుళ్లు ఒకరి వెనుక ఒకరు వ్యాపారంలో ప్రవేశించారు. వారిలో రిచర్డ్ స్టట్‌గార్టులో చిత్రకళ చదివినవాడు. అక్కడి జంతుప్రదర్శనశాలలో గంటల తరబడి కూర్చుండి ఎలుగుబంట్లను చిత్రించేవాడు. 1902లో అతడు చేతులు, కాళ్లు కదిలే ఎలుగుబంటి బొమ్మను రూపొందించాడు. దాని పేరు 55 పి.బి. 55 అనగా సెంటీమీటర్లు, తక్కిన రెండక్షరాలు నూగుబట్టకూ, కదిలే కీళ్లకూ గుర్తు. మేనత్తకు ఇది అంతగా రుచించలేదు. మోహెయిరు నూగుబట్ట ఖరీదైనది, బొమ్మ పెద్దది, ఎవరు కొంటారని ఆమె సందేహం. లెక్కలు తెలిసిన వ్యాపారిగా ఆమె సందేహంలో తప్పు లేదని మా అభిప్రాయం. 1903లో లైప్‌జిగ్ సంతలో ఆ బొమ్మ వంక చూచినవారు లేరు. సంత ముగిసే వేళకు ఒక అమెరికా వర్తకుడు వచ్చి 3,000 కావాలన్నాడు.

అంతకు పూర్వం 1902 నవంబరులో రూజ్వెల్టు మిసిసిపీ అడవులలో వేటకు వెళ్లి, కట్టివేసిన ఎలుగును కాల్చ నిరాకరించిన ఉదంతాన్ని బెరిమాన్ అనే చిత్రకారుడు వ్యంగ్యచిత్రంగా వేశాడు. న్యూయార్కు బ్రూక్లిన్‌లో మిచ్‌టమ్ దంపతులు ఆ చిత్రం చూచి ఎలుగు బొమ్మను కుట్టి, అధ్యక్షుని పేరు తగిలించారు. ఇరువురిలో ఎవరు ముందన్న వివాదం మాకు అనవసరం. సముద్రానికి ఆవల ఈవల ఒకరినొకరు ఎరుగకుండా ఇద్దరూ చేశారనుట ఉచితం. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో స్టైఫ్ సంస్థ 12,000 బొమ్మలు అమ్మింది. నకళ్లు బయలుదేరగా, ఫ్రాంజ్ అనే మరొక మేనల్లుని యోచనపై ఆ ఏడాదే ప్రతి బొమ్మ చెవికి ఒక లోహపు గుండీ కుట్టడం ఆరంభించారు. 1903లో గాజు గోడలతో కట్టిన కర్మాగారంలో వెలుతురు ధారాళంగా ఉండేది. లోపల పనిచేసే యువతులు బయటికి కనిపించడం వలన ఊరివారు దానిని కన్యల చేపల తొట్టి అని పరిహసించేవారట.

1907లో తయారైన ఎలుగుబంట్లు 9,74,000. కర్మాగారంలో 400 మంది, ఇళ్లవద్ద 1,800 మంది పనిచేసేవారు. ఇంటివద్ద చేసే పనికి ఎంత కూలి గిట్టుతుందో బీడీలు చుట్టే మన నిజామాబాదు జిల్లా స్త్రీలకు చెప్పనవసరం లేదు. కావున ఆ రెండవ సంఖ్యను మేము కేవలం ప్రశంసగా వ్రాయజాలము. అయితే ఆ సంస్థ అధినేత్రి తానూ ఇంటివద్ద సూది పట్టి ఆరంభించినదే. కడవరకు కొత్త బొమ్మల నమూనాలను ఆమె స్వయంగా పరీక్షించేది. చక్రాల కుర్చీ సులువుగా నడిచేందుకు ఇంటిలో మెట్లకు బదులు వాలుదారి ఏర్పరచారు.

1909 మే 9వ తేదీన, అరువది రెండవ యేడు నిండకమునుపే, న్యుమోనియాతో మార్గరెట్ కన్నుమూసింది. వ్యాపారం మేనల్లుళ్ల చేతికి వచ్చింది. గీంగెన్‌లో ఆ గాజు కర్మాగారం నేటికీ నిలిచి ఉన్నది. అమెరికాకు పోయిన ఆ తొలి 55 పి.బి. ఎలుగులలో మాత్రం ఒక్కటైనా ఎక్కడా మిగిలినట్లు దాఖలా లేదు.