సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ తెలుగు భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త. ఈయన చేపట్టిన పెద్ద పదవులు అందరికీ తెలిసినవే గాని, స్ఫటికాల అయస్కాంత ధర్మాలపై చేసిన కృషి ఎరిగినవారు తక్కువ.

బాల్యం, విద్య

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి 1928లో పట్టభద్రుడయ్యాడు. ఆ కళాశాల అప్పట్లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. రామన్ ఫలితం వెలువడినది కూడా ఆ సంవత్సరమే. భగవంతం కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ వద్ద పరిశోధకుడిగా చేరాడు.

అయస్కాంత పరిశోధనలు

తీగలో విద్యుత్తు ప్రవహించినప్పుడు దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుందని 1820లో డెన్మార్కు శాస్త్రవేత్త అయిర్‌స్టెడ్ కనుగొన్నాడు. తీగను వలయంగా చుడితే ఆ వలయం చిన్న అయస్కాంతం వలె పనిచేస్తుంది. ఇటువంటి వలయాలు కొన్ని అణువులలోనూ ఉన్నాయి. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలలోని నాఫ్తలీన్ ఇందుకు ఉదాహరణ. దీని అణువులో కర్బన పరమాణువులు రెండు షడ్భుజాలుగా ఒకే తలంలో అమరి ఉంటాయి. ఆ తలానికి లంబంగా క్షేత్రాన్ని ప్రయోగిస్తే ఎలక్ట్రాన్లు వలయం వెంట కదిలి, దానిని ఎదిరించే క్షేత్రాన్ని కలిగిస్తాయి. తలానికి సమాంతరంగా ప్రయోగిస్తే ఈ ఎదిరింపు చాలా తక్కువ. నాఫ్తలీన్ స్ఫటికపు అయస్కాంత ధర్మం దిశను బట్టి మారుతుందని భగవంతం 1929లో ప్రకటించాడు. అప్పటికి ఈయన వయసు సుమారు ఇరవై సంవత్సరాలు. పైన చెప్పిన వలయ ప్రవాహ వివరణను పాలింగ్, లాన్స్‌డేల్ వంటివారు 1936-37లో గాని ఇవ్వలేదు. అణువులు స్ఫటికంలో ఏ వైపుకు ఒరిగి ఉన్నాయో అయస్కాంత కొలతలతో ఊహించే మార్గం ఇటువంటి పరిశోధనల వలన బలపడింది.

1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరిన తరువాత ఈయన దృష్టి సౌష్ఠవం వైపు మళ్ళింది. టి.వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయిస్తూ 1948లో గ్రంథం వెలువరించాడు. ప్రవాహ దిశ తిరగబడితే క్షేత్ర దిశ కూడా తిరగబడుతుంది. అందువలన అయస్కాంత స్ఫటికాల విషయంలో పరమాణువుల స్థానాలు మాత్రమే చూస్తే చాలదు, ఈ తిరుగుబాటును కూడా లెక్కించాలి. అప్పుడు 32 స్ఫటిక వర్గాలు 90 అయస్కాంత వర్గాలవుతాయి. వాటిలో ఫెర్రో అయస్కాంతత్వానికి వీలున్నవి 31 మాత్రమే. 1960లలో భగవంతం ఈ విషయంపై విస్తృతంగా వ్రాసాడు.

పదవులు

1952-57లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా, 1957-62లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడిగా, 1961-69లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసాడు. పదవి వచ్చిన పిదప పరిశోధన వదిలివేసినవారే ఎక్కువ. భగవంతం మాత్రం స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలపై తన గ్రంథాన్ని సలహాదారుగా ఉండగానే, 1966లో ప్రచురించాడు. తరువాతి కాలంలో సత్యసాయిబాబా తెలుగు ఉపన్యాసాలను ఆంగ్లంలోకి అనువదించాడు.