లియాన్ ఫూకో: తిరిగే లోహాన్ని తాకకుండా ఆపిన శాస్త్రవేత్త

భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నదని లోలకంతో చూపిన శాస్త్రవేత్తగా లియాన్ ఫూకో సుప్రసిద్ధులు. అంతరిక్షంలో తిరిగే ఉపగ్రహాలను నెమ్మదింపజేసే విద్యుత్ ప్రవాహాలకు కూడా ఆయన పేరే ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

ఫూకో 1819 సెప్టెంబరు 18న పారిస్ నగరంలో జన్మించారు. తండ్రి పుస్తక ప్రచురణకర్త. బాల్యంలో ఆరోగ్యం అంతంతమాత్రం కావడంతో చదువు చాలావరకు ఇంటివద్దనే సాగింది. చదువులో ఆయనను చురుకైన బాలునిగా ఎవరూ ఎంచలేదు. కాని చేతిపనిలో నేర్పరి. చిన్ననాడే ఆవిరియంత్రపు నమూనా తయారుచేశారు. వైద్యవిద్యలో చేరినా, రక్తం చూసి తట్టుకోలేక మానుకొన్నారు.

ఆ చేతినేర్పే ఆయనను భౌతికశాస్త్రం వైపు నడిపించింది. 1851లో పాంథియాన్ భవనపు గుమ్మటం నుండి 67 మీటర్ల తీగకు 28 కిలోల గుండును వేలాడదీసి, భూభ్రమణాన్ని ప్రజల కళ్ళకు కట్టారు. మరుసటి ఏడు గైరోస్కోపును రూపొందించారు.

1855లో ఆ గైరోస్కోపు చక్రాన్ని విద్యుదయస్కాంతపు ధ్రువాల మధ్య వేగంగా తిప్పి, అయస్కాంతానికి కరెంటు ఇచ్చారు. ఏదీ తాకకుండానే చక్రం కొద్ది క్షణాలలో ఆగిపోయింది. పట్టుబట్టి తిప్పగా లోహం వేడెక్కింది. తిరిగే రాగిపళ్ళేనికీ అయస్కాంతానికీ గల సంబంధాన్ని అరాగో 1824లోనే గమనించారు. కారణాన్ని ఫారడే 1831లో కనుగొన్నారు. అయస్కాంత క్షేత్రంలో కదిలే లోహంలో విద్యుత్తు సుడులుగా పుట్టి, తనను పుట్టించిన చలనాన్నే ఎదిరిస్తుంది. కోల్పోయిన చలనశక్తి వేడిగా మారుతుందని ఫూకో ప్రయోగం స్పష్టం చేసింది. ఆ సుడులకే ఫూకో ప్రవాహాలని పేరు.

అదే ఏట లండన్ రాయల్ సొసైటీ ఆయనకు కోప్లే పతకమిచ్చి గౌరవించింది. స్వదేశపు విజ్ఞాన అకాడమీలో సభ్యత్వం మాత్రం 1865లో గాని లభించలేదు. మూడేళ్ళకే, 1868 ఫిబ్రవరి 11న, 48 ఏళ్ళ వయసులో ఫూకో కన్నుమూశారు.

తొంభై ఏళ్ళ తరువాత, 1958 మార్చి 17న అమెరికా వాన్‌గార్డ్-1 అనే చిన్న లోహగోళాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. గాలి రాపిడి దాదాపు లేని ఆ ఎత్తున కూడా దాని భ్రమణం క్రమంగా మందగించింది. భూమి అయస్కాంత క్షేత్రం గోళంలో ఫూకో ప్రవాహాలను పుట్టించడమే అందుకు ప్రధాన కారణం. అదుపు తప్పి దొర్లే అంతరిక్ష వ్యర్థాలను ఇదే సూత్రంతో, తాకకుండా నెమ్మదింపజేసే పద్ధతులపై నేడు పరిశోధనలు సాగుతున్నాయి.

మార్కులలో వెనుకబడి, విరిగిన బొమ్మను విప్పి చూస్తూ కూర్చునే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఉంటాడు. అతనిని తొందరపడి తూచరాదని తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ ఫూకో జీవితం బోధిస్తున్నది.