ఖండాలు కదులుతున్నాయంటే నవ్వారు.. ఆయన మంచులో కలిసిపోయాక ఒప్పుకున్నారు! దిల్‌సుఖ్‌నగర్ నేల చెప్పే ఆల్‌ఫ్రెడ్ వెజెనర్ కథ

దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుంటున్న ఏ అభ్యర్థినైనా అడిగి చూడండి. ఖండ చలన సిద్ధాంతం ఎవరిది అంటే సెకనులో జవాబు వస్తుంది. ఆల్‌ఫ్రెడ్ వెజెనర్, 1912. జాగ్రఫీ నోట్సులో ఆయనకు దక్కేది ఆ ఒక్క లైనే. పరీక్షలో వస్తే ఒక్క మార్కు. కానీ ఆ లైను వెనుక ఓ మనిషి జీవితం మొత్తం ఉంది. తన మాట నిజమని లోకం ఒప్పుకోకముందే, సరిగ్గా 50వ పుట్టినరోజు నాడు మంచు ఎడారిలో ప్రయాణం మొదలుపెట్టి తిరిగిరాని మనిషి ఆయన.

2024 డిసెంబర్ 4 గుర్తుందా? ఉదయం 7:27 గంటలకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్‌లోనూ చాలా మందికి ఆ వణుకు తెలిసింది. జనం ఇళ్లలోంచి బయటికి పరుగులు తీశారు. అసలు మన కాళ్ల కింద ఏం జరుగుతోంది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళ్తే దారి వెజెనర్ దగ్గరికే చేరుతుంది.

ఎవరీ వెజెనర్?

1880 నవంబర్ 1న జర్మనీలోని బెర్లిన్‌లో పుట్టారు వెజెనర్. ఇంట్లో ఐదుగురు పిల్లల్లో ఆయనే చిన్న. తండ్రి మత బోధకుడు, అనాథ పిల్లల ఆశ్రమం నడిపేవారు. 1905లో వెజెనర్ ఖగోళ శాస్త్రంలో డాక్టరేట్ పూర్తి చేశారు. కానీ ఆయన మనసు నక్షత్రాల మీద నిలవలేదు. వాతావరణం మీదికి మళ్లింది. 1906లో అన్న కుర్ట్‌తో కలిసి బెలూన్‌లో ఏకధాటిగా 52 గంటలకు పైగా గాల్లోనే ఉండి అప్పటి ప్రపంచ రికార్డు కొట్టారు.

అదే ఏడాది గ్రీన్‌ల్యాండ్ బయల్దేరారు. డెన్మార్క్ బృందంతో రెండేళ్లు అక్కడే ఉన్నారు. ఆ యాత్రలో బృంద నాయకుడు, మరో ఇద్దరు సహచరులు మంచులోనే ప్రాణాలు వదిలారు. అయినా వెజెనర్ వెనక్కి తగ్గలేదు. 1912-13లో మళ్లీ వెళ్లి, ముగ్గురు సహచరులతో కలిసి గ్రీన్‌ల్యాండ్ మంచు పీఠభూమిని అడ్డంగా దాటారు. చివరికి తిండి అయిపోయి, తమ బండ్లు లాగిన ఆఖరి గుర్రాన్ని, వెంట ఉన్న కుక్కను కూడా తిని బతకాల్సి వచ్చింది.

గమనించాల్సిన విషయం ఏంటంటే.. భూగర్భ శాస్త్రం అసలు ఆయన సబ్జెక్టే కాదు. తర్వాత ఆయనకు పెద్ద అడ్డంకి అయింది కూడా ఇదే.

అట్లాస్ చూస్తుంటే తట్టిన ఆలోచన

1910 చివర్లో మార్‌బర్గ్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న రోజులవి. ఓ స్నేహితుడికి క్రిస్మస్ కానుకగా వచ్చిన అట్లాస్‌ను తిరగేస్తున్నారు వెజెనర్. దక్షిణ అమెరికా తూర్పు తీరం, ఆఫ్రికా పడమటి తీరం.. చింపిన కాగితం ముక్కల్లా ఒకదానికొకటి అతుక్కునేలా కనిపించాయి. ఆయనకంటే ముందు కూడా ఈ పోలికను కొందరు గమనించారు. గమనించి వదిలేశారు. వెజెనర్ వదల్లేదు.

మరుసటి ఏడాది లైబ్రరీలో ఆయనకు ఓ వ్యాసం కంటపడింది. అట్లాంటిక్‌కు అటూ ఇటూ ఒకే రకం జీవుల శిలాజాలు దొరుకుతున్నాయని అందులో ఉంది. ఈదలేని జంతువులు మహాసముద్రాన్ని ఎలా దాటాయి? ఖండాల మధ్య ఒకప్పుడు నేల వంతెనలు ఉండేవని, అవి తర్వాత సముద్రంలో మునిగిపోయాయని అప్పటి శాస్త్రవేత్తలు సర్దిచెప్పేవారు. వెజెనర్ మాత్రం జంతువులు సముద్రం దాటలేదని, నేలే విడిపోయి దూరం జరిగిందని అన్నారు.

1912 జనవరి 6న ఫ్రాంక్‌ఫర్ట్‌లో భూగర్భ శాస్త్రవేత్తల సభలో ఈ మాట మొదటిసారి చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో ఉండగా రెండుసార్లు గాయపడ్డారు. ఆ సెలవుల్లోనే పుస్తకం రాసి 1915లో అచ్చు వేయించారు. ఖండాలు, మహాసముద్రాల పుట్టుక గురించిన ఆ పుస్తకం మొదటి ముద్రణ వంద పేజీలు కూడా లేదు. అన్ని ఖండాలూ ఒకప్పుడు ఒకే మహాఖండమని, అది ముక్కలై విడిపోయిందని దాని సారాంశం. ఆ మహాఖండాన్నే మనం ఇప్పుడు పాంజియా అంటున్నాం.

సాక్ష్యం మన సింగరేణిలోనూ ఉంది!

దక్షిణాది ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉండేవన్న ఊహకు వెజెనర్ కంటే ముందే ఓ పేరు ఉంది. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూయెస్ 1885లో పెట్టిన ఆ పేరు గోండ్వానాల్యాండ్. మధ్య భారతంలోని గోండుల సీమ మీదుగా వచ్చిన పేరు అది. అంటే మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ అడవుల్లో ఉండే గోండుల జాతి పేరే ప్రపంచ భూగర్భ శాస్త్ర పుస్తకాల్లోకి ఎక్కింది.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించారు. సింగరేణి కథ అక్కడి నుంచే మొదలైంది. గోదావరి లోయలోని ఆ బొగ్గు పొరల్లో గ్లోసాప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల ముద్రలు కనిపిస్తాయి. సరిగ్గా అలాంటి ఆకులే దక్షిణాఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో, చివరికి అంటార్కిటికాలోనూ దొరికాయి. బొగ్గు పొరల కింద తాల్చీర్ రాళ్లు ఉంటాయి. హిమానీనదాలు మోసుకొచ్చి పడేసిన గుండ్రాళ్లు అందులో కనిపిస్తాయి. మే నెలలో 45 డిగ్రీలు దాటే కొత్తగూడెం, రామగుండం పరిసరాల్లో ఒకప్పుడు మంచు పేరుకుని ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. కానీ రాళ్లు అదే చెబుతున్నాయి. భారత్ అప్పట్లో దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేదనుకుంటేనే లెక్క కుదురుతుంది. భారత్‌లోని ఈ మంచు ఆనవాళ్లను వెజెనర్ కూడా తన వాదనకు బలమైన ఆధారంగా చూపించారు.

ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయారు

ఇన్ని ఆధారాలున్నా ఎందుకు నమ్మలేదు? ఖండాలు కదిలాయి సరే.. వాటిని కదిలించింది ఎవరు? ఈ ప్రశ్నకు వెజెనర్ దగ్గర సరైన జవాబు లేదు. భూమి తిరగడం వల్ల పుట్టే బలం, సూర్యచంద్రుల ఆకర్షణ కారణం కావచ్చన్నారు. కేంబ్రిడ్జ్‌కు చెందిన హెరాల్డ్ జెఫ్రీస్ లెక్కలు వేసి, ఆ బలాలు ఖండాలను కదిలించడానికి ఏమాత్రం సరిపోవని తేల్చేశారు. ఆ లెక్క తప్పు కాదు కూడా. వెజెనర్ ఇంకో పొరపాటు చేశారు. గ్రీన్‌ల్యాండ్ ఏడాదికి మీటర్ల కొద్దీ జరుగుతోందని పాత కొలతల ఆధారంగా రాశారు. అసలు వేగం సెంటీమీటర్లలోనే.

1926లో అమెరికా పెట్రోలియం భూగర్భ శాస్త్రవేత్తలు న్యూయార్క్‌లో ఈ సిద్ధాంతం మీదే సదస్సు పెట్టారు. అక్కడ విమర్శల వాన కురిసింది. వాతావరణం చూసుకునే మనిషికి రాళ్ల గురించి ఏం తెలుసన్న చులకన కూడా చాలామందిలో ఉండేది. జర్మనీలో ప్రొఫెసర్ పోస్టు దక్కక, 1924లో ఆస్ట్రియాలోని గ్రాజ్ యూనివర్సిటీకి వెళ్లాల్సి వచ్చింది. అయినా ఆయన గొడవలకు దిగలేదు. కొత్త ఆధారం దొరికిన ప్రతిసారీ పుస్తకాన్ని తిరగరాశారు. 1929 నాటికి నాలుగో కూర్పు వచ్చేసింది.

ఆఖరి ప్రయాణం

1930లో వెజెనర్ సొంతంగా ఓ పెద్ద యాత్రకు నాయకత్వం వహించారు. గ్రీన్‌ల్యాండ్ నడిమధ్యన, తీరానికి సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఐస్‌మిట్టె అనే పరిశోధన కేంద్రం పెట్టారు. పేలుడు చేసి, ఆ తరంగాలు తిరిగొచ్చే సమయాన్ని బట్టి మంచు మందాన్ని కొలవడం కూడా ఈ యాత్రలో ఓ పని.

కానీ వాతావరణం కలిసిరాలేదు. మోటారు స్లెడ్జిలు మొరాయించాయి. ఐస్‌మిట్టెలో ఉన్న ఇద్దరికి శీతాకాలం గడిచేంత తిండి, ఇంధనం చేరలేదు. దాంతో సెప్టెంబర్ 21న వెజెనర్ స్వయంగా కుక్కల బండ్లతో బయల్దేరారు. వెంట వాతావరణ శాస్త్రవేత్త ఫ్రిట్జ్ లోవె, 13 మంది గ్రీన్‌ల్యాండ్ వాసులు. చలికి తట్టుకోలేక దారిలోనే 12 మంది వెనుదిరిగారు. రాస్మస్ విల్లుమ్‌సెన్ అనే యువకుడు ఒక్కడే నిలబడ్డాడు.

40 రోజుల ప్రయాణం. మైనస్ 50 డిగ్రీల చలి. అక్టోబర్ 30న ముగ్గురూ ఐస్‌మిట్టె చేరేసరికి మోసుకొచ్చిన సరుకు దాదాపు ఏమీ మిగల్లేదు. లోవె కాలి వేళ్లు గడ్డకట్టి కుళ్లిపోతే, అక్కడున్న సహచరుడు మత్తుమందు కూడా లేకుండా జేబు కత్తితో తీసేశారు. ఉన్న తిండి ఐదుగురికి చాలదు. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, నవంబర్ 1న వెజెనర్, విల్లుమ్‌సెన్ తిరుగు ప్రయాణం కట్టారు. ఆ రోజు వెజెనర్‌కు 50 ఏళ్లు నిండాయి. వాళ్లిద్దరినీ ప్రాణాలతో చూడటం అదే ఆఖరు.

1931 మే 12న దారి మధ్యలో నిలబెట్టిన స్కీలు కనిపించాయి. వాటి మధ్య మంచులో, స్లీపింగ్ బ్యాగ్ కవర్లలో జాగ్రత్తగా చుట్టి పూడ్చిన వెజెనర్ దేహం దొరికింది. విపరీతమైన శ్రమతో గుండె ఆగి ఉంటుందని భావించారు. అంత చలిలో, ఒంటరిగా, మర్యాద తప్పకుండా ఆయనకు అంత్యక్రియలు చేసింది విల్లుమ్‌సెన్. వెజెనర్ డైరీ తీసుకుని ముందుకు సాగిన ఆ కుర్రాడి ఆచూకీ మాత్రం ఇప్పటికీ దొరకలేదు. పుస్తకాల్లో వెజెనర్‌కు ఒక్క లైనైనా ఉంది. విల్లుమ్‌సెన్‌కు అదీ లేదు.

జవాబు సముద్రం అడుగున దొరికింది

వెజెనర్ బతికున్న రోజుల్లో భూమి లోపలి బొమ్మ కూడా పూర్తి కాలేదు. పైన పలుచటి భూపటలం, దాని కింద సుమారు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ప్రావారం, ఆ లోపల కేంద్ర మండలం ఉన్నాయని భూకంప తరంగాలు అప్పటికే చెప్పాయి. కేంద్ర మండలం నడుమ గట్టి గోళం ఉందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ కనిపెట్టింది 1936లో.

అసలు కిటుకు ప్రావారంలో ఉంది. అది గట్టి రాయే. కానీ ఎండాకాలం రోడ్డు మీది తారులా, కోట్ల ఏళ్ల మీద నెమ్మదిగా సాగుతుంది, పారుతుంది. పొయ్యి మీద ఎసరు మరిగినట్టు వేడి రాయి పైకి, చల్లారినది కిందికి తిరుగుతుందని బ్రిటన్‌కు చెందిన ఆర్థర్ హోమ్స్ 1920ల చివర్లోనే ప్రతిపాదించారు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1950ల్లో కథ మలుపు తిరిగింది. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప రేణువులు ఆనాటి అయస్కాంత దిశను అలాగే పట్టి ఉంచుతాయి. మన వికారాబాద్ వైపు దాకా పరుచుకున్న దక్కన్ లావా రాళ్లను కొలిచి చూస్తే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట అవి గడ్డకట్టినప్పుడు భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాయని తేలింది. 1960ల్లో సముద్రం అడుగున కొత్త నేల పుడుతూ ఇరువైపులా జరుగుతోందని రుజువైంది. 1968 నాటికి పలక విరూపక సిద్ధాంతం నిలబడింది. వెజెనర్ అనుకున్నట్టు ఖండాలు సముద్రపు నేలను చీల్చుకుంటూ పోవు. ఖండం, సముద్రపు నేల రెండూ కలిసిన పెద్ద పలకలే కదులుతాయి. చల్లారి బరువెక్కిన సముద్రపు పలక అంచు కిందికి మునుగుతూ మిగతా పలకను లాగడమే ఇందులో ప్రధాన బలం. దారి విషయంలో ఆయన పొరబడ్డారు, గమ్యం విషయంలో కాదు.

ఎల్బీనగర్ కింద ఏం జరుగుతోంది?

ఎల్బీనగర్ చుట్టుపక్కల పునాది తవ్వితే బండ తగిలిందని మేస్త్రీలు అంటుంటారు కదా. ఆ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అంటార్కిటికా, ఆస్ట్రేలియాల పక్కన ఉన్న రోజుల నుంచి ఈ బండ భారత పలకతో పాటే ప్రయాణిస్తోంది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొట్టింది. ఆ తాకిడికే హిమాలయాలు లేచాయి. నెట్టుడు ఇంకా ఆగలేదు. ఆ ఒత్తిడి పలక లోపల ఉన్న పాత పగుళ్ల మీదా పడుతుంది. గోదావరి లోయ అలాంటి పాత పగులే. 1969లో భద్రాచలం దగ్గర, 2024లో ములుగులో భూమి కంపించింది ఈ లోయ ప్రాంతంలోనే.

ఈ కదలికను కొలిచే చోటు కూడా మనకు దగ్గరే. ఎల్బీనగర్ నుంచి నాగోల్, ఉప్పల్ మీదుగా వెళ్తే 1961లో ఏర్పాటైన ఎన్‌జీఆర్‌ఐ వస్తుంది. దాని పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. అక్కడి జీపీఎస్ కేంద్రం అంతర్జాతీయ నెట్‌వర్క్‌లో భాగం. మన నేల ఈశాన్య దిశగా ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతోందని అలాంటి కొలతలు చెబుతున్నాయి. వెజెనర్ ప్రాణం పెట్టి వెతికిన కొలత ఇదే. ఇప్పుడు అది రోజూ నమోదవుతోంది.

వెజెనర్ భార్య ఎల్సె వందేళ్లు బతికి 1992లో కన్నుమూశారు. భర్త మాటను లోకమంతా ఒప్పుకోవడం ఆమె కళ్లారా చూశారు. వెజెనర్ మాత్రం ఇప్పటికీ గ్రీన్‌ల్యాండ్ మంచులోనే ఉన్నారు. ఆయన చనిపోయినప్పటి నుంచి ఇప్పటికి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌తో సహా మన నేలంతా నాలుగున్నర మీటర్లకు పైనే జరిగింది. అంటే ఓ కారు పొడవంత. ఈసారి నోట్సులో ఆ ఒక్క లైను కనిపిస్తే.. మార్కుతో పాటు ఆ మనిషినీ, ఆయన్ను మంచులో పూడ్చి తానూ మాయమైన విల్లుమ్‌సెన్‌నూ ఒక్కసారి గుర్తుచేసుకోండి.