పేరు తెలియని రూపశిల్పి

2023వ సంవత్సరం ఆగస్టు 23వ తేదీ సాయంకాలం మన దేశమంతటా ప్రజలు టెలివిజన్ల ముందు కూర్చున్నారు. జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3 నౌక ఆనాడు చంద్రుడి మీద దిగవలసి ఉంది. బెంగళూరులోని నియంత్రణ కేంద్రంలో శాస్త్రజ్ఞులు తెరల వంక చూస్తూ ఉంటే, దేశం ఆ శాస్త్రజ్ఞుల ముఖాల వంక చూసింది. నౌక క్షేమంగా దిగింది. దానిని నడిపించిన వారి పేర్లు, వారి ఊళ్లు మరునాటి పత్రికలలో వచ్చాయి.

యంత్రాన్ని చంద్రుడి మీద పగిలిపోకుండా దించడం అదే మొదటిసారి కాదు. అంతకు 57 ఏళ్ల ముందే, 1966 ఫిబ్రవరిలో, సోవియట్ యూనియన్ ఈ పనిని సాధించింది. అక్కడి ప్రజలూ గర్వంతో పొంగిపోయారు. రోదసిలో తమ దేశం సాధించిన ప్రతి విజయం వెనుక ఉన్న మనిషి ఎవరని వారు చాలా ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నకు జవాబు వచ్చేసరికి ఆ మనిషి కన్నుమూశాడు. ఆయన పేరు సెర్గెయ్ పావ్లొవిచ్ కొరొల్యోవ్.

కొరొల్యోవ్ 1907వ సంవత్సరం జనవరి 12వ తేదీన ఉక్రెయిన్‌లోని జితోమిర్ పట్టణంలో జన్మించాడు. అప్పట్లో ఆ ప్రాంతం రష్యా చక్రవర్తుల ఏలుబడిలో ఉండేది. తండ్రి పావెల్ బడిపంతులు, తల్లి మరీయా. సెర్గెయ్‌కి ఊహ తెలియకముందే తల్లిదండ్రులు విడిపోయారు. నాన్న చనిపోయాడని ఇంట్లోవాళ్లు చెబితే పిల్లవాడు నమ్మాడు. తల్లి చదువు కోసం కీవ్ నగరానికి వెళ్లింది. సెర్గెయ్ నీజిన్ అనే చిన్న ఊళ్లో అమ్మమ్మ, తాతయ్యల దగ్గర పెరిగాడు. 1911లో ఉతోచ్కిన్ అనే వైమానికుడు ఆ ఊరికి వచ్చి విమానం ఎగరేసి చూపించాడు. తాతయ్య భుజాలెక్కి నాలుగేళ్ల సెర్గెయ్ ఆ వింత చూశాడు.

తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్న తరువాత కుటుంబం 1917లో ఒడెస్సా రేవు పట్టణానికి చేరింది. అవి విప్లవం, అంతర్యుద్ధం, తిండికరువు ఒకదాని వెంట ఒకటి వచ్చిన రోజులు. బడి సరిగా నడిచేది కాదు. రేవులో నీటి మీద వాలే విమానాల దళం ఒకటి ఉండేది. సెర్గెయ్ అక్కడికి వెళ్లి మెకానిక్కులకు పనిముట్లు అందిస్తూ, నూనె మరకలతో ఇంటికి వచ్చేవాడు. తరువాత నిర్మాణపు పని నేర్పే బడిలో చేరి ఇంటికప్పులకు పెంకులు పరచడం నేర్చుకున్నాడు. చేతిపని తెలిసినవాడు కాబట్టే, 17 ఏళ్ల వయసులో తానే స్వయంగా ఒక గ్లైడరుకు నమూనా గీయగలిగాడు. ఇంజను లేకుండా గాలి మీద తేలే విమానమే గ్లైడరు.

ఆ పైన కీవ్‌లోనూ, మాస్కోలోని బౌమన్ సాంకేతిక విద్యాలయంలోనూ చదివాడు. మాస్కోలో ఆయనకు మార్గదర్శకుడు ప్రసిద్ధ విమాన రూపశిల్పి టుపోలెవ్. ఈ పేరు గుర్తుంచుకోవాలి. గురుశిష్యులు మళ్లీ కలుసుకున్న చోటు మామూలు చోటు కాదు.

1931లో మాస్కోలోని ఒక ఇంటి నేలమాళిగలో కొందరు యువకులు రాకెట్లు తయారు చేయాలని ఒక బృందంగా చేరారు. కొరొల్యోవ్, ఆయనకన్నా పెద్దవాడైన త్సాండర్ వారికి నాయకులు. చాలామంది పగలు వేరే ఉద్యోగం చేసుకుని రాత్రులు ఇక్కడ పనిచేసేవారు. ఆ సంఘం పేరులోని అక్షరాలకు, జీతం లేకుండా పనిచేసే ఇంజనీర్ల గుంపు అని వారే వేళాకోళంగా అర్థం చెప్పుకునేవారు. 1933 ఆగస్టు 17న మాస్కో దగ్గరి అడవిలో వారి మొదటి రాకెట్టు 400 మీటర్ల ఎత్తుకు లేచింది. త్సాండర్ దానిని చూడలేదు. ఆయన ఆ సంవత్సరం మార్చిలోనే జ్వరంతో మరణించాడు. ఆయన మొదలుపెట్టిన రాకెట్టు నవంబరులో ఎగిరింది.

అయిదేళ్లు గడిచాయి. స్టాలిన్ పాలనలో అనుమానమే నేరమైపోయిన కాలం అది. రాకెట్ పరిశోధన సంస్థ అధిపతులిద్దరిని 1938 జనవరిలో కాల్చి చంపారు. జూన్ 27 రాత్రి కొరొల్యోవ్ ఇంటికి పోలీసులు వచ్చారు. భార్య చూస్తుండగానే తీసుకుపోయారు. కావాలని పనులు చెడగొట్టాడన్నది నేరం. కొట్టి ఒప్పించారు. న్యాయస్థానంలో విచారణ కొద్ది నిమిషాలలో ముగిసింది. శిక్ష పదేళ్లు.

ఆయనను దేశానికి తూర్పు కొసన ఉన్న కొలీమా ప్రాంతానికి పంపారు. అక్కడి బంగారు గనులలో ఖైదీలు ఎముకలు కొరికే చలిలో రాళ్లు తవ్వి మోయాలి. తిండి చాలక కొరొల్యోవ్‌కు చిగుళ్లు వాచి రక్తం కారే జబ్బు పట్టుకుంది. చాలా పళ్లు ఊడిపోయాయి. మాస్కోలో తల్లి ఊరుకోలేదు. ఉత్తరం మీద ఉత్తరం రాసింది. దేశమంతా పేరున్న విమాన చోదకులు గ్రోమొవ్, వలెంతీనా గ్రిజొదూబొవా ఆమె పక్షాన నిలిచి మళ్లీ విచారణ జరపమని కోరారు. ఇటువంటి వారి తరఫున మాట్లాడడమే ప్రమాదమైన ఆ రోజుల్లో అది చిన్న సాహసం కాదు. విచారణ జరిగింది, శిక్ష ఎనిమిదేళ్లకు తగ్గింది. కొరొల్యోవ్‌ను గని నుండి మాస్కోకు తెచ్చి, ఖైదీలైన ఇంజనీర్లు యుద్ధవిమానాలు గీసే ఒక జైలులో పెట్టారు. అక్కడ పెద్ద రూపశిల్పిగా ఉన్న ఖైదీ ఎవరో కాదు, టుపోలెవ్.

1944లో కొరొల్యోవ్‌ను విడిచిపెట్టారు. మరుసటి సంవత్సరం ఆయనను జర్మనీకి పంపి, ఓడిపోయిన జర్మన్ల రాకెట్లను పరిశీలించమన్నారు. తనను గనిలోకి తోసిన ప్రభుత్వానికే ఆయన మళ్లీ పనిచేశాడు. రాకెట్లు తయారు చేయడానికి ఆయనకు మరో దారి లేదు.

ప్రభుత్వానికి కావలసింది అణుబాంబును ఖండాంతరాలకు మోసుకుపోయే రాకెట్టు. కొరొల్యోవ్‌కు కావలసింది భూమిని విడిచి పైకి పోయే రాకెట్టు. 1957 ఆగస్టులో విజయవంతమైన ఆర్-7 రాకెట్టు ఈ రెండు పనులకూ పనికివచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు 4న దాని తలమీద 84 కిలోల లోహపు బంతిని పెట్టి పంపారు. అదే స్పుత్నిక్, మానవుడు చేసిన మొదటి ఉపగ్రహం. ఆనాటి ఆర్-7 వంశం ఇంకా అంతరించలేదు. 1984లో మన రాకేశ్ శర్మను రోదసికి మోసుకుపోయిన సోయుజ్ రాకెట్టు కూడా ఆ వంశంలోదే.

స్పుత్నిక్ చేసే బీప్ బీప్ శబ్దాన్ని ప్రపంచమంతా రేడియోలలో విన్నది. దానిని ఎవరు చేశారని అడిగితే సోవియట్ పత్రికలు ప్రధాన రూపశిల్పి అని మాత్రం రాసేవి. పేరు లేదు, ఫొటో లేదు. శత్రుదేశాలు ఆయనకు హాని చేస్తాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కొరొల్యోవ్ పత్రికలకు వ్యాసాలు రాస్తే, ప్రొఫెసర్ కె. సెర్గెయెవ్ అనే మారుపేరుతో అచ్చయ్యేవి. 1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ భూమిని చుట్టి వచ్చాడు. మాస్కో ప్రజలు ఎవరూ పిలవకుండానే వీధులలోకి వచ్చి పండుగ చేసుకున్నారు. రెండు రోజుల తరువాత గగారిన్ ఊరేగింపు సాగుతుంటే వెనుక ఎక్కడో ఒక కారులో కొరొల్యోవ్ కూర్చున్నాడు. దారి పొడవునా నిలబడి చేతులూపిన లక్షల మందిలో ఆయన ఎవరో తెలిసినవారు లేరు.

చంద్రుడి మీద ఆయన గురి 1959లోనే మొదలైంది. ఆ జనవరిలో పంపిన మొదటి లూనా నౌక గురి తప్పి చంద్రుడికి సుమారు 6,000 కిలోమీటర్ల దూరం నుండి దాటిపోయింది. సెప్టెంబరులో లూనా-2 చంద్రుడికి తగిలింది. మానవుడు చేసిన వస్తువు మరొక గోళాన్ని తాకడం అదే మొదలు. అయితే అది తుపాకిగుండులా వెళ్లి బద్దలైంది. అక్టోబరులో లూనా-3 చంద్రుడి వెనుకవైపు చుట్టివచ్చి, అంతవరకు ఏ మనిషీ చూడని ఆ ముఖానికి ఫొటోలు తీసి పంపింది.

ఇక మిగిలింది మెల్లగా దించడం. వినడానికి ఇది సులువుగా తోస్తుంది. కాని చంద్రుడి మీద గాలి లేదు కనుక పారాచూట్ పనిచేయదు. సెకనుకు రెండున్నర కిలోమీటర్ల వేగంతో పడిపోయే నౌకను, ఎదురు దిక్కుకు మండే రాకెట్టుతో ఆపాలి. కొద్ది సెకన్లు ముందు మండినా, వెనుక మండినా నౌక దక్కదు. పైగా కింద ఉన్నదేమిటో తెలియదు. చంద్రుడి మీద కోట్ల ఏళ్లుగా పేరుకున్న మెత్తని ధూళి ఉందని, అందులో దిగిన యంత్రం బూరుగుదూదిలో పడ్డ గోలీలా మునిగిపోతుందని వాదించిన పండితులు ఉన్నారు. నేల ఎలాంటిదో తెలియకుండా నౌకకు కాళ్లు ఎలా గీస్తారు? ఇంజనీర్ల చర్చ ఎటూ తేలలేదు. అప్పుడు కొరొల్యోవ్ కాగితం తీసుకుని, అగ్నిపర్వతపు నురుగురాయి వంటి గట్టి నేల మీద దిగుతున్నట్లే లెక్క వేయవలసిందని రాసి, కింద సంతకం చేశాడు. ఆ కాగితం మీది తేదీ 1964 అక్టోబరు 28. నేల గట్టిదని ఆయనకు రుజువు దొరకలేదు. ఎవరో ఒకరు బాధ్యత తీసుకుంటే తప్ప పని ముందుకు సాగదని మాత్రం తెలుసు.

నౌకలు మాత్రం దిగలేదు. 1963 జనవరి నుండి 1965 డిసెంబరు వరకు 11 ప్రయత్నాలు చెడిపోయాయి. కొన్ని భూమిని దాటి పోనేలేదు. వాటి సంగతి పత్రికలలో రాలేదు. లూనా-6 చంద్రుడికి లక్షా అరవైవేల కిలోమీటర్ల దూరం తప్పిపోయింది. లూనా-7లో ఎదురు రాకెట్టు ముందుగా మండింది. లూనా-8లో, దెబ్బ తగలకుండా చుట్టూ అమర్చిన గాలిసంచికి చిల్లుపడి నౌక గిరగిర తిరిగి కూలిపోయింది. అప్పటికే పని ఒత్తిడి పెరిగి, కొరొల్యోవ్ ఈ నౌకల బాధ్యతను బబాకిన్ అనే రూపశిల్పి సంస్థకు అప్పగించాడు. బబాకిన్ బృందం నౌకలోని లోపాలను ఒక్కొక్కటే వెతికి సరిదిద్దసాగింది.

1966 జనవరి మొదటివారంలో కొరొల్యోవ్ ఆసుపత్రిలో చేరాడు. చిన్న శస్త్రచికిత్స అనుకున్నారు. జనవరి 14న బల్ల మీద పడుకోబెట్టి కోసి చూస్తే లోపల పెద్ద కణితి ఉంది. జైలులో తగిలిన దెబ్బల వలన దవడ సరిగా తెరుచుకోక, ఊపిరిగొట్టం అమర్చడానికి వైద్యులు ఇబ్బందిపడ్డారని అంటారు. ఆయన మళ్లీ స్పృహలోకి రాలేదు. 59 ఏళ్లు నిండి అప్పటికి రెండు రోజులే అయింది.

జనవరి 16న ప్రావ్దా పత్రికలో ఒక ఫొటో, దాని కింద ఒక పేరు కనిపించాయి. స్పుత్నిక్‌ను, గగారిన్‌ను పంపినవాడు ఇతడేనని దేశానికి అప్పుడు తెలిసింది. అంతవరకు పేరైనా వినని మనిషిని కడసారి చూడడానికి జనం చలిలో బారులు తీరారు. 18వ తేదీన ఆయన చితాభస్మాన్ని క్రెమ్లిన్ గోడలో ఉంచారు. గగారిన్ ఆ సభలో మాట్లాడాడు.

జనవరి 31న లూనా-9 బయలుదేరింది. ఫిబ్రవరి 3న చంద్రుడి మీద తుఫానుల సముద్రం అని పిలిచే మైదానం పైకి చేరింది. నేల ఇంకా 75 కిలోమీటర్ల దూరంలో ఉందనగా ఎదురు రాకెట్టు మండింది. నౌక కిందికి చాచిన పొడవాటి కడ్డీ నేలను తాకగానే, గాలిసంచుల మధ్య ఉన్న గుండ్రని పెట్టె విడివడి, ఎగిరి దొర్లి ఆగింది. దాని బరువు సుమారు 99 కిలోలు. పైనున్న నాలుగు రేకులు పువ్వులా విచ్చుకున్నాయి. పెట్టె నేలలో మునగలేదు. నురుగురాయి లెక్క సరిపోయింది.

కొన్ని గంటల తరువాత లోపలి కెమెరా చుట్టూ చూసి బొమ్మలు పంపసాగింది. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ వేధశాలలో బెర్నార్డ్ లోవెల్ బృందం ఆ సంకేతాలను వింటూ ఉంది. పత్రికాఫీసులు తంతి మీద ఫొటోలు పంపుకునే యంత్రం కూడా అచ్చం ఇలాగే కూస్తుందని అక్కడివారు పోల్చుకున్నారు. వెంటనే డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక నుండి ఆ యంత్రాన్ని తెప్పించి తగిలించారు. కాగితం మీద రాళ్లు, వాటి నీడలు, దూరాన దిగంతం కనిపించాయి. సోవియట్ పత్రికల కన్నా ముందే ఆ బొమ్మ లండనులో అచ్చయింది. వెడల్పు కొలత సరిగా తెలియక రాళ్లు ఉన్నదానికంటే కోసుగా వచ్చాయి గాని, ఆనాడు దానిని ఎవరూ పట్టించుకోలేదు. మరొక గోళపు నేల ఎలా ఉంటుందో మనిషి అప్పుడే మొదటిసారి చూస్తున్నాడు.

లూనా-9 బ్యాటరీలు ఫిబ్రవరి 6 వరకు పనిచేశాయి. పెట్టె ఇప్పటికీ అక్కడే ఉంది. చంద్రుడి మీది ఒక పెద్ద బిలానికి తరువాత కొరొల్యోవ్ పేరు పెట్టారు. 400 కిలోమీటర్లకు పైగా వెడల్పున్న ఆ బిలం చంద్రుడికి వెనుకవైపున ఉంది. భూమి మీద నుండి చూసేవారికి అది కనిపించదు.