గొరగనమూడి యోగి: స్వామి జ్ఞానానందులవారు

భీమవరమునకు చేరువన, పాలకోడేరు మండలమున, గొరగనమూడి యను గ్రామము కలదు. వరిచేలును కాలువలును తప్ప దూరదేశముల వార్త యేదియు సులభముగ చొరరాని ఆ కాలమున, 1896వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన, ఆ గ్రామమునందు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు అను శిశువు జన్మించెను. ఆ శిశువే పెరిగి పెద్దవాడై స్వామి జ్ఞానానంద అను పేర హిమాలయములలో యోగియు, ఐరోపాలో విద్యార్థియు, విశాఖపట్నమున పరమాణు భౌతికశాస్త్రాచార్యుడును అయ్యెను.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వారి చరిత్రమును చేర్చుటకు ఒక కారణము కలదు. 2015 మొదలు జూన్ 21వ తేదీని అంతర్జాతీయ యోగ దినముగా జరుపుకొనుచున్నారు. నాటినుండి యోగ బోధనమును జీవనోపాధిగా స్వీకరింపగోరు యువతీయువకులు మన డెల్టా గ్రామములందును పెరిగిరి. రెండువందల గంటల శిక్షణయనియు, ఐదువందల గంటల శిక్షణయనియు ప్రకటనలు కనిపించుచున్నవి. దినమునకు ఎనిమిది గంటల చొప్పున లెక్కించినచో రెండువందల గంటలనగా ఇరువదియైదు దినములు. ఇంటివారు కూడబెట్టిన సొమ్మును రుసుముగా చెల్లించి, ఎవరియొద్ద చేరవలెనో తెలియక సందేహించువారికి, మన జిల్లాకే చెందిన యొక యోగి గురువులను వెదకికొన్న విధము తెలియుట అవసరము.

లక్ష్మీనరసింహరాజుగారు యౌవనముననే ఇల్లు విడిచి ఉత్తరదేశమునకు పోయిరి. హిమాలయ ప్రాంతమున దాదాపు పదేండ్లు యోగాభ్యాసమున గడపిరి. ఆ సాధనను గూర్చి పలువురు పలు విశేషములు చెప్పుదురు గాని, వానిని విస్తరించుట ఇచ్చట నా ఉద్దేశము కాదు. గమనింపవలసినది కాలపరిమాణము. పతంజలి యోగశాస్త్రమున అష్టాంగములు చెప్పబడినవి. యమ నియమములు మొదటివి, ఆసనము మూడవది. దాదాపు రెండువందల సూత్రములలో ఆసనమునకు కేటాయింపబడినవి మూడు మాత్రమే. ఆసనములను మాత్రమే నేర్పి ఆచార్యుడవైతివని పత్రమిచ్చు శిక్షణాలయము ఎనిమిదింట నొక్క భాగమును మాత్రమే యిచ్చినదని అభ్యర్థి ముందుగనే లెక్క చూచుకొనవలెను.

1927లో స్వామివారు జర్మనీకి పోయి, యోగ విషయములపై ఉపన్యాసములొసగిరి. భారతదేశమునుండి వచ్చిన యోగియనిన ఆనాటి ఐరోపాలో ఆదరమునకు కొదువ లేదు. అచ్చటనే స్థిరపడి, శిష్యులను చేర్చుకొని, సుఖముగ కాలము గడపుటకు అవకాశముండెను. వారి జీవితమున అసలైన పరీక్ష ఇదియేయని నా అభిప్రాయము. ఐన్‌స్టయిన్ సాపేక్ష సిద్ధాంతము ఐరోపా మేధావుల నందరిని కలవరపెట్టుచున్న దినములవి. ప్రకృతి తత్త్వమును గూర్చి తా నెరిగినదానికిని, ఆ శాస్త్రజ్ఞులు చెప్పుదానికిని గల సంబంధమును తెలిసికొనవలెనన్న, గణితము రావలెను, ప్రయోగశాల పని రావలెను. ఉపన్యాస వేదికపై గురువుగా నిలిచినవారు ముప్పదియేండ్లు దాటిన పిమ్మట, తమకు మాతృభాష కాని భాషలో, తమకంటె చిన్నవారి సరసన తరగతి బల్లపై కూర్చుండిరి.

అనంతరము ప్రేగ్ నగరమునకు చేరిరి. 1348లో స్థాపింపబడిన చార్లెస్ విశ్వవిద్యాలయమున ఎక్స్-కిరణముల వర్ణపటములను పరిశోధించి డాక్టరు పట్టమందిరి. ప్రతి మూలకమును తనకు మాత్రమే చెల్లు ఎక్స్-కిరణ రేఖలను వెలువరించును. వేలిముద్రను బట్టి మనిషిని గుర్తించినట్లు ఆ రేఖలను బట్టి మూలకమును గుర్తింపవచ్చును. అటుపిమ్మట ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమునకు పోయిరి. 1932లో న్యూట్రానును కనుగొని, 1935లో నోబెల్ బహుమానమందిన జేమ్స్ చాడ్విక్ ఆ విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిరి. అచ్చట స్వామివారు బీటా కిరణములపై పని చేసిరి. పరమాణు కేంద్రకమునుండి వెలువడు ఎలక్ట్రానుల ధారయే బీటా కిరణము. అయస్కాంత క్షేత్రమున వేగము గలది తక్కువగను, వేగము లేనిది ఎక్కువగను వంగును. ఆ వంపును కొలిచి శక్తిని లెక్కింతురు. పనిముట్టులో గాలి మిగిలియున్న కొలది కొలత చెడును గనుక, గాలిని తీసివేయుటయే ఒక విద్య.

గురువును ఎన్నుకొనుటలో వారి పద్ధతి ఇచ్చట స్పష్టమగుచున్నది. ఏ విద్య కావలెనో ముందుగ నిశ్చయించుకొని, ఆ విద్యలో స్వయముగ పని చేయుచున్నవారు ఎచ్చటనున్నారో అచ్చటికి పోయిరి. ఊరి పేరు, భవనముల సొంపు, శిష్యుల సంఖ్య వారికి లెక్కకు రాలేదు. నేడు శిక్షణ కోరువారును బోధకుడు తానెవరియొద్ద ఎన్నేండ్లు అభ్యసించెనో అడుగవచ్చును. వెన్నునొప్పి, రక్తపుపోటు గలవారు వచ్చినప్పుడు అతడు ఏ ఆసనమును మాన్పించునో కన్నులార చూడవచ్చును. ప్రభుత్వము 2018లో యోగ ధ్రువీకరణ మండలిని ఏర్పరచినది. పరీక్షింప నధికారము గల అట్టి సంస్థ గుర్తింపు కలదా యని విచారించుటయు మేలు. అయినను పత్రము చూచి గురువును నిర్ణయించుటకంటె, గురువును చూచి పత్రమును నమ్ముట క్షేమము.

యుద్ధకాలమున స్వామివారు అమెరికాకు పోయి మిచిగాన్ విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిరి. అధిక శూన్యమును కల్పించు, కొలుచు పద్ధతులపై వారు ఆంగ్లమున రచించిన గ్రంథము 1947లో న్యూయార్కునందు వెలువడెను. ఆ గ్రంథముపై రచయితగా ముద్రింపబడినది వారి సన్న్యాస నామమే. యోగమును విడిచి శాస్త్రమును పట్టిరని ఆక్షేపించువారు ఆ ముఖపత్రము నొకసారి చూడవలెను.

స్వదేశమునకు మరలివచ్చి, కె.ఎస్. కృష్ణన్‌గారు అధిపతిగా నున్న ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో కొంతకాలము పని చేసిరి. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిరి. వి.ఎస్. కృష్ణగారు ఉపాధ్యక్షులుగా నున్న కాలమది. తెలుగునాట పరమాణు భౌతికశాస్త్ర పరిశోధనకు అచ్చట పునాది వేసి, పెక్కుమంది విద్యార్థులను తీర్చిదిద్దిరి. ఇంటిని విడిచిపోయిన గోదావరి జిల్లా బాలుడు తెలుగు విద్యార్థుల నడుమ గురువుగా నిలుచునప్పటికి ఆయనకు ఏబదియేడేండ్లు.

1969 సెప్టెంబరు 21వ తేదీన స్వామివారు పరమపదించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయమునందలి పరమాణు పరిశోధనాలయమునకు స్వామి జ్ఞానానందుల పేరే పెట్టిరి.