పదవి లేదు.. జీతం లేదు.. పని మాత్రం నిలిచింది!

1941. పదకొండేళ్ల అమ్మాయి తల్లితో కలిసి వాషింగ్టన్‌లోని వైట్‌హౌస్ చూడ్డానికి వెళ్లింది. అమెరికా అధ్యక్షుడి ఇల్లు కదా, ఎన్నో విశేషాలుంటాయని ఊహించుకుంది. తీరా వెళ్తే, చూసిన వాటి గురించి ఇంటికెళ్లి చదువుకుందామన్నా చిన్న పుస్తకం కూడా దొరకలేదు. ఉసూరుమంటూ తిరిగొచ్చింది.

ఇరవై ఏళ్ల తర్వాత ఆ అమ్మాయే అదే ఇంట్లో అధ్యక్షుడి భార్యగా అడుగుపెట్టింది. ఆమే జాక్వెలీన్ కెనెడీ. చాలామందికి ఆమె పేరు చెప్పగానే ఫ్యాషన్ గుర్తొస్తుంది. కానీ ఆమె చేసిన అసలు పని ఇప్పటికీ వైట్‌హౌస్ గోడల మీద కనిపిస్తుంది.

కెమెరా పట్టుకుని వీధుల్లోకి

1929 జులై 28న న్యూయార్క్ రాష్ట్రంలో కలిగిన కుటుంబంలో పుట్టారు జాక్వెలీన్. వాసర్ కాలేజీలో చేరి, మధ్యలో ఏడాది పారిస్‌లో చదివారు. 1951లో జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి ఫ్రెంచి సాహిత్యంలో డిగ్రీ అందుకున్నారు. ‘దీంతో ఏం ఉద్యోగం వస్తుంది?’ అని మన ఇళ్లలో అడుగుతారే, అలాంటి చదువన్నమాట. అదే ఏడాది వోగ్ పత్రిక పెట్టిన పోటీలో వెయ్యి మందికి పైగా పాల్గొంటే ఆమె గెలిచారు. అయినా ఆ అవకాశాన్ని వదులుకుని వాషింగ్టన్ టైమ్స్ హెరాల్డ్ అనే దినపత్రికలో చేరారు. జీతం వారానికి 42.50 డాలర్లు. కెమెరా పట్టుకుని తిరగాలి. ఎదురైనవాళ్లను ఒక ప్రశ్న అడగాలి. ఫొటో తీసి, జవాబును నాలుగు ముక్కల్లో రాసివ్వాలి. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాట కలపడం, ఓపిగ్గా వినడం ఆ ఉద్యోగంలో రోజూ చేసిన పనే. 1953లో జాన్ ఎఫ్ కెనెడీతో పెళ్లయింది. ఉద్యోగం మానేశారు.

వేలంలో పోయిన చరిత్ర

1961 జనవరిలో కెనెడీ అధ్యక్షుడయ్యారు. జాక్వెలీన్‌కి అప్పటికి 31 ఏళ్లే. వైట్‌హౌస్‌లో చూస్తే పాత సామాను పెద్దగా లేదు. కారణముంది. అప్పట్లో కొత్త అధ్యక్షుడు వచ్చినప్పుడల్లా పాతవి నచ్చకపోతే అమ్మేసేవారు. 1882లో చెస్టర్ ఆర్థర్ ఏకంగా 24 బండ్ల సామాను వేలం వేయించారు. 1948-52 మధ్య ట్రూమన్ హయాంలో భవనాన్ని లోపలంతా కొత్తగా కట్టారు. డబ్బులు చాలక గదుల్లో దుకాణంలో కొన్న ఫర్నిచర్ సర్దేశారు.

ఇల్లు సర్దుకోవడానికి ప్రభుత్వం ఇచ్చింది 50 వేల డాలర్లు. తాముండే గదులకే కొద్దిరోజుల్లో అది హరించుకుపోయింది. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారేమో! ఆమె కొద్ది వారాల్లోనే ఓ కళా కమిటీ వేశారు. పాత అమెరికన్ ఫర్నిచర్ మీద పట్టున్న హెన్రీ డ్యూపాంట్‌ను దానికి అధ్యక్షుడిగా ఒప్పించారు. గోదాములు, కింది అంతస్తు గదులు స్వయంగా గాలించారు. విక్టోరియా రాణి 1880లో కానుకగా పంపిన రిజల్యూట్ బల్ల అలాగే బయటపడి, అధ్యక్షుడి ఆఫీసులోకి చేరింది.

బొమ్మల కోసం ఫోన్లు చేశారు, ఉత్తరాలు రాశారు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిత్రం ఒకటి ఫిలడెల్ఫియా పత్రికాధిపతి వాల్టర్ అనెన్‌బర్గ్ దగ్గరుందని తెలిసింది. ఫ్రాంక్లిన్ కూడా అదే ఊళ్లో పత్రిక నడిపినవాడేనని గుర్తుచేసి మరీ అడిగారు. ఆయన ఇచ్చేశారు. లైబ్రరీలో చార్లెస్ బర్డ్ కింగ్ గీసిన ఐదు చిత్రాలు పెట్టించారు. అవి 1820ల మొదట్లో అధ్యక్షుణ్ని కలవడానికి వాషింగ్టన్ వచ్చిన అమెరికా మూలవాసులవి. ఆ దేశపు కథలో వాళ్లకూ చోటుందని ఆ గోడ చెప్పింది.

అంతా సాఫీగా సాగలేదు. ప్రజల సొమ్ము తగలేస్తున్నారన్న పేరు వస్తే అది భర్త రాజకీయాలకే ముప్పు. విరాళంగా వచ్చిన ఓ పాత బల్ల నకిలీదని 1962లో పత్రికకెక్కింది. ఆమె నొచ్చుకున్నారు. కానీ పని ఆపలేదు.

నాలుగు స్తంభాలు

సొంత అభిరుచితో ఇల్లు అలంకరిస్తే తర్వాత వచ్చేవాళ్లు దాన్ని తీసేయొచ్చు. ఈ సంగతి ఆమెకు బాగా తెలుసు. అందుకే పని తన మీద ఆధారపడకుండా చూసుకున్నారు. 1961 మార్చిలో వైట్‌హౌస్‌కి తొలిసారి క్యూరేటర్‌ను తెచ్చారు. అంటే ప్రతి వస్తువు పుట్టుపూర్వోత్తరాలు తేల్చి, లెక్క రాసే నిపుణులు. సెప్టెంబరులో చట్టం వచ్చింది. దాంతో చారిత్రక వస్తువులను అమ్మడం కుదరదు. వాడకపోతే స్మిత్‌సోనియన్ సంస్థకు వెళ్తాయి. నవంబరులో వైట్‌హౌస్ హిస్టారికల్ అసోసియేషన్ పుట్టింది. 1962 జులై 4న ఆ సంస్థ గైడ్ పుస్తకం తెచ్చింది. వెల ఒక డాలరు. ఆ అమ్మకాల డబ్బుతోనే బొమ్మలు, వస్తువులు కొనే వీలు కలిగింది. పదకొండేళ్లప్పుడు దొరకని పుస్తకం అలా అచ్చయింది! ఆ ఫిబ్రవరి 14నే టీవీలో ఆమె గదులన్నీ చూపిస్తుంటే కోట్లమంది చూశారు.

1963 నవంబరు 22న కెనెడీ హత్యకు గురయ్యారు. రెండు వారాల్లో ఆమె ఇద్దరు పిల్లలతో ఆ ఇల్లు ఖాళీ చేశారు. మరి ఆమె పని? 1964 మార్చిలో కొత్త అధ్యక్షుడు జాన్సన్ ఉత్తర్వు ఇచ్చి క్యూరేటర్ పోస్టును శాశ్వతం చేశారు. వైట్‌హౌస్ పరిరక్షణ కమిటీనీ వేశారు. ఇప్పటికీ రెండూ ఉన్నాయి.

46 ఏళ్లకు మళ్లీ ఉద్యోగం

1975లో రెండో భర్త ఒనాసిస్ కూడా పోయాక, వైకింగ్ ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా చేరారు. జీతం వారానికి 200 డాలర్లు. 1978లో డబుల్‌డేకి మారారు. మన రాజసంస్థానాల జీవితంపై నవీన్ పట్నాయక్ రాసిన పుస్తకానికీ ఎడిటర్ ఆమే. తర్వాత ఒడిశా ముఖ్యమంత్రి అయింది ఆ రచయితే. 1994 మే 19న కన్నుమూసేదాకా ఆమె ఆ వృత్తిలోనే ఉన్నారు.

మీకూ ఇటు ఆసక్తి ఉందా?

మన జాతీయ మ్యూజియం కూడా 1949లో దిల్లీలోని రాష్ట్రపతి భవన్‌లోనే మొదలైంది. తర్వాతే జన్‌పథ్ భవనానికి మారింది. చరిత్ర, సాహిత్యం, కళలు చదివినవాళ్లు మ్యూజియాలజీ వైపు ఆలోచించొచ్చు. బరోడాలోని మహారాజా శాయాజీరావ్ విశ్వవిద్యాలయంలో ఈ కోర్సు దశాబ్దాలుగా ఉంది. హైదరాబాద్‌లో ఉంటే ముందు సాలార్‌జంగ్ మ్యూజియానికి ఓసారి వెళ్లండి. వస్తువుల్ని చూడ్డంతో సరిపెట్టొద్దు. పక్కనున్న వివరాల పలక చదవండి. అందులో ఇంకా ఏం రాస్తే బాగుండేదని మీకు అనిపిస్తే, ఈ రంగం మీకు పనికొస్తుందేమో ఆలోచించండి.