తప్పిన బండి – ఫ్రాంజ్ కాఫ్కా జీవితము

బండి తప్పినవాని బాధ మా వంటి రైల్వే గుమాస్తాలకు బాగుగా తెలియును. అట్టి బాధతోనే ప్రారంభమగు జర్మను కథ యొకటి ప్రపంచప్రసిద్ధి పొందినది. దానిని వ్రాసిన ఫ్రాంజ్ కాఫ్కాయు ఆఫీసు ఉద్యోగియే; ఊరి భాష ఒకటియై, ఇంటి భాష మరియొకటియైనవాడే. అందుచే ఆయన జీవితమును ఈ ఉగాది సంచికలో పాఠక మహాశయులకు మనవి చేయుచున్నాము.

కాఫ్కా 1883 జూలై 3వ తేదీన ప్రాగ్ నగరములో జన్మించెను. ఆనాడది ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యములోనిది. నేడు చెక్ దేశమునకు రాజధాని. బజారులో హెచ్చుగా చెక్ భాష, కాఫ్కా ఇంటిలోను బడిలోను జర్మను భాష. వారు యూదులు. తండ్రి హెర్మన్ పల్లెనుండి వచ్చి, స్వయంకృషితో ఫాన్సీ సామానుల దుకాణము పెట్టి పైకి వచ్చినవాడు. ఆయన కోపమునకు కొడుకు జీవితాంతము జంకెను. తమ్ములిద్దరు పసితనముననే పోయిరి. ముగ్గురు చెల్లెండ్రకు ఒక్కడే అన్న. అట్టి కొడుకుపై ఎంత బరువు పడునో మన కుటుంబములవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1906లో న్యాయశాస్త్ర పట్టము పొంది, 1908లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో చేరెను. యంత్రములలో పడి చేతులు పోగొట్టుకొన్న కూలీల పరిహారము చూచు కార్యాలయమది. ఉదయము 8 గంటలకు పోయి మధ్యాహ్నము 2 గంటలకు వచ్చి, ఇంటిల్లిపాది పరుండిన పిమ్మట వ్రాయ కూర్చుండెడివాడు. ఉద్యోగమును గూర్చి విసుగుకొనెనే గాని పనిలో లోపము చేయలేదు. పై అధికారులు మెచ్చి ప్రమోషనులిచ్చిరి.

1912 నవంబరు, డిసెంబరు నెలలలో, సుమారు 3 వారములలో, మనము 'రూపాంతరము' అనదగిన కథను వ్రాసెను. నడుమ ఆఫీసు పనిమీద ప్రయాణము వచ్చి కథ చెడినదని విచారించెను. అది 1915లో అచ్చయినది.

కథానాయకుడు గ్రెగర్ సంసా ఊరూర తిరుగు గుడ్డల కంపెనీ ఏజెంటు. తల్లిదండ్రుల అప్పు తీర్చుచు ఇల్లంతయు పోషించుచున్నవాడు. ఒకనాటి ఉదయము లేచుసరికి పెద్ద పురుగై యుండెను! అంతటి ఘోరములోను అతని చింత యేమనగా, 5 గంటల బండి తప్పినదే, యజమాని యేమనునో అని. సంపాదన ఆగిన పిమ్మట ఇంటివారి ఆదరము మెల్లగా తరిగిపోవును. తండ్రి విసిరిన ఆపిలుపండు వీపున దిగబడును. కడకు తిండి మాని, ఎండి చచ్చును. అతని జీతముపై బ్రతికినవారు ఊపిరి పీల్చుకొని, ట్రాములో ఊరి వెలుపలికి షికారు పోదురు. ఇది చదివిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

కాఫ్కా వాడిన 'ఉంగెజీఫర్' అను మాట ఫలానా పురుగును సూచింపదు. ఇంట నుండగూడని అసహ్యప్రాణి యని భావము. ఇంగ్లీషువారిలో ఒకరు దానిని కీటకమనిరి, వేరొకరు క్రిమి యనిరి. అట్టపై పురుగు బొమ్మ వేయవలదని కాఫ్కా ప్రచురణకర్తను ముందే కోరెను. తలుపు చెంత ముఖము కప్పుకొన్న మనిషి బొమ్మ వేసిరి. ఈ కథ 1925లో స్పానిషులోను, 1928లో ఫ్రెంచిలోను, 1930ల దశకములో ఇంగ్లీషులోను వెలువడెను. అంతకు ముందే, 1920లో, మిలేనా యెసెన్‌స్కా అను యువతి ఆయన వేరొక కథను చెక్ భాషలోనికి తెచ్చెను. ఇంటి భాషలో వ్రాసినది అట్లు బజారువారికిని అందినది.

1917లో క్షయ బయటపడెను. 1922లో పింఛను పుచ్చుకొని, 1924 జూన్ 3వ తేదీన వియన్నా సమీపమున కీర్లింగ్ ఆరోగ్యశాలలో 40 ఏండ్ల వయసున కన్నుమూసెను. వ్రాతప్రతులు కాల్చివేయుమని మిత్రుడు మాక్స్ బ్రాడ్‌కు చెప్పియుండెను. బ్రాడ్ కాల్చక, 1925 మొదలు 1927 వరకు మూడు నవలలు అచ్చువేయించెను. చెల్లెండ్రు ముగ్గురిని తరువాత నాజీలు పొట్టన పెట్టుకొనిరి.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు వలె ఈ కథ చేదు. అయినను పండుగనాడు దీనిని తలచుకొనుట మంచిదని మా నమ్మకము. ఇంత దూరము వచ్చి సంపాదించి పెట్టువాడు మన ఇండ్లన్నిటను ఒకడుండును. జీతము రాని నాడును అతనిని మనిషిగా చూచుకొందుము గాక!